గడ్డకట్టిన కడలిపై నడక

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరువు ప్రాంతమునకు చలి తెలియనిది కాదు. పుష్యమాసమున తెల్లవాఱుజామున పొలములపై పొగమంచు క్రమ్మును. పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో రాత్రి పని ముగించుకొని వచ్చు కార్మికులు తలకు రుమాలు చుట్టుకొని టీ కొట్ల యొద్ద చేతులు కాచుకొందురు. ఉష్ణమానము పది డిగ్రీలకు దిగువకు పోయినచో మఱునాటి పత్రికలలో అది వార్త యగును. కాని ఇచ్చటి చెఱువులు గడ్డకట్టి, వానిపై మనుష్యులు నడచుట యన్నది కలలోని మాట.

అయినను ఆ పట్టణమునకు చేరువనే, సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలి పండ్రెండు నెలలును నిలిచియుండు గది యున్నది. ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ 1972వ సంవత్సరమున పటాన్‌చెరువులో నెలకొల్పబడినది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, కొఱ్ఱ మొదలగు పంటల విత్తనములను లక్షా ఇరువది వేలకు పైగా రకములుగా ఆ సంస్థవారు భద్రపఱచియున్నారు. విత్తనములను బాగుగ ఆరబెట్టి, గాలి తీసివేసిన అల్యూమినియము సంచులలో ముద్రవేసి, దీర్ఘకాలము నిలువ యుండవలసిన వానిని ఆ చలిగదిలో నుంచుదురు. బయట వైశాఖపు టెండ నలువది డిగ్రీలు మండుచున్న దినమున గూడ ఆ గదిలోనికి పోవువారు దళసరి కోటు తొడుగుకొనియే పోవలెను. ఊపిరి విడిచిన పొగవలె కనబడును. చేతివ్రేళ్లు కొలది నిమిషములలో తిమ్మిరెక్కును.

అట్టి చలిలో, యంత్రము చేసిన చలిలో గాక ఆకాశము క్రిందనే, ప్రతి సంవత్సరము వేలకొలది జనులు సముద్రముపై నడచుచున్నారు. పడవలో గాదు, కాళ్లతోనే. ముందు దారి చూపువా డొకడు నడచును; వెనుక పదిమందియో, ఎనమండుగురో వరుసగా అతని యడుగులలో అడుగు వేయుచు పోవుదురు. వారి పాదములకు క్రింద మూరెడు మంచు, దాని క్రింద చల్లని చీకటి నీరు.

ఉప్పునీరు గడ్డకట్టునా యని సందేహము కలుగుట సహజము. ఈ సందేహమునకు సమాధానము పారిశ్రామిక ప్రాంతములలో నుండు ఏ ఐసు కర్మాగారములోనైనను దొరకును. అచ్చట పెద్ద తొట్టిలో చిక్కని ఉప్పునీరు నింపి, అమ్మోనియా యంత్రముతో దానిని సున్నకు దిగువ ఎనిమిది, పది డిగ్రీల వఱకు చల్లబఱతురు. ఆ ఉప్పునీటిలో మంచినీరు నింపిన పొడవైన రేకు డబ్బాలను దించుదురు. దాదాపు ఒక పగలును ఒక రాత్రియు గడచిన పిమ్మట డబ్బాలోని మంచినీరు దిమ్మగా మాఱును. చుట్టునున్న ఉప్పునీరు మాత్రము అంత చలిలోను ద్రవముగనే కదలాడుచుండును. ఉప్పు నీటిని తేలికగా గడ్డకట్టనీయదు. ఎంత ఉప్పున్నచో అంత చలి కావలెను. మహాసముద్రపు నీటిలో కిలోకు ముప్పదియైదు గ్రాముల లవణము లుండును గాన, అది సున్నకు దిగువ సుమారు 1.8 డిగ్రీల వద్ద గడ్డకట్టును.

ఐసు దిమ్మను పగులగొట్టి చూచినవారు మఱియొక సంగతి గమనించియుందురు. దిమ్మ అంచులు అద్దమువలె స్వచ్ఛముగ నుండును. నడుమ మాత్రము తెల్లని పొర యుండును. నీరు గడ్డకట్టునపుడు తనలోని గాలిని, మలినములను బయటికి నెట్టివేయును. చివరకు గడ్డకట్టిన నడిమి భాగమున అవి చిక్కుకొనిపోవును. సముద్రము నిట్లే ఉప్పును నెట్టివేయును. నెట్టబడిన ఉప్పులో కొంత మంచులోనే సన్నని గొట్టములవంటి రంధ్రములలో నిలిచి, మెల్లమెల్లగా క్రిందికి జాఱిపోవును. అందుచేతనే క్రొత్త సముద్రపు మంచు ఉప్పగా నుండును. ఒకటి రెండు వేసవులు గడచిన పాత మంచు చప్పగా నుండును. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు పాత మంచును గుర్తుపట్టి కరగించి త్రాగుదురు. సముద్రము నడుమ మంచినీటి బావి దొరకినట్లే గదా!

ఇంకొక చిక్కు గలదు. మంచినీరు నాలుగు డిగ్రీల వద్ద అన్నిటికంటె బరువుగా నుండును. అంతకంటె చల్లబడిన నీరు తేలికయై పైననే నిలిచి గడ్డకట్టును. చెఱువులు పైనుండి గడ్డకట్టుటకు కారణ మిదియే. మహాసముద్రపు నీ రట్లు గాదు. చల్లబడినకొలది బరువెక్కి క్రిందికి దిగిపోవుచు, అడుగునుండి వెచ్చని నీటిని పైకి తెచ్చుచుండును. ఒక్క రాత్రి చలికి సముద్రము లొంగదు. పై పొర యంతయు చల్లబడువఱకు వారములు, నెలలు పట్టును. ఈ కారణమున నడక కనువైన సముద్రములు భూమిపై కొన్నియే కలవు. అందు పెక్కు ఏదో యొక విధముగ ఉప్పు తగ్గిన సముద్రములు.

వానిలో మొదట చెప్పదగినది ఫిన్లాండు, స్వీడను దేశముల నడుమ నున్న బోత్నియా అఖాతపు ఉత్తర భాగము. పెక్కు నదులు దానిలో కలియుచున్నవి. బయటి మహాసముద్రమునకు దారి మిక్కిలి దూరము, ఇఱుకు. అందువలన దాని నీటిలో కిలోకు రెండు మొదలు నాలుగు గ్రాముల ఉప్పు మాత్రమే యుండును. చలి గట్టిగా నున్న యేండ్లలో అచ్చటి మంచు రెండడుగులకు మించి పేరుకొనును. స్వీడనులోని లూలెయో పట్టణము ఒడ్డున సముద్రపు మంచును చదునుచేసి, నడచువారికిని, జాఱుడుబండ్లు లాగువారికిని, పిల్లలకును బాట వేయుదురు. ఫిన్లాండులోని ఔలు పట్టణమున కెదురుగా హైలువోతో అను పెద్ద దీవి యున్నది. చలి బాగుగా పట్టిన యేండ్లలో ఆ దీవికి సముద్రముపైననే మోటారుబండ్లకు గూడ బాట వేయుచుండెడివారు. నేడు చదువులకును కొలువులకును ఆ దేశములకు పోయిన తెలుగు కుటుంబము లున్నవి. చెఱువుగట్టున పెరిగిన పిల్లవానికి సముద్రముపై తొలి యడుగు పెట్టుట యెట్లుండునో ఊహింపవచ్చును.

రెండవది జపానుకు ఉత్తరమున నున్న ఒఖోట్‌స్కు సముద్రము. దీని సంగతి విచిత్రమైనది. హొక్కైడో దీవిలోని షిరెతొకో ద్వీపకల్పము భూమధ్యరేఖకు నలువది నాలుగు డిగ్రీల యుత్తరమున, అనగా ఇటలీ, దక్షిణ ఫ్రాన్సు దేశముల యెత్తున నున్నది. ఇటలీ ఒడ్డున చలికాలమున మంచు తేలదు. షిరెతొకో ఒడ్డున జనవరి నెలాఖరు మొదలు మార్చి వఱకు సముద్ర మంతయు తెల్లబాఱును. దీనికి కారణము ఆమూరు మహానది. రష్యా, చైనాల సరిహద్దున ప్రవహించు ఆ నది యంతులేని మంచినీటిని తెచ్చి ఆ సముద్రమున పోయును. ఆ నీరు పైననే యొక తేలిక పొరగా నిలుచును. సైబీరియానుండి వీచు గాలి ఆ పలుచని పొరను మాత్రము చల్లబఱచిన చాలును, అది గడ్డకట్టును. పిదప గాలియు, ప్రవాహమును ఆ మంచుపలకలను వందల మైళ్లు దక్షిణమునకు నెట్టుకొనివచ్చును. షిరెతొకోను 2005వ సంవత్సరమున యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది.

అచ్చటి ఉతోరో అను చిన్న రేవులో మంచుపలకలపై నడిపించు మార్గదర్శకు లున్నారు. నడక కొఱకు వచ్చిన వారికి మొదట మెడనుండి పాదముల వఱకు నొక్కటిగా కుట్టిన, నీరు చొరని దళసరి దుస్తును తొడిగింతురు. దానిలో గాలి నిలుచును గాన తొడుగుకొన్నవాడు నీటిలో పడినను బెండువలె తేలును. నడక యని పేరేగాని ఇందు సగము పడుట, లేచుట, ప్రాకుట. పలకకును పలకకును నడుమ కయ్యలవంటి సందు లుండును. మార్గదర్శి అనుమతించిన చోట నడచువారు ఆ సందులలోనికి తామై దిగి, మెడవఱకు నీటిలో తేలుచు, చుట్టు మంచు కదలుచు కీచుమనుచుండగా ఆకాశమును చూతురు. కొందఱికి ఆ నీటిలో క్లియోని యను ప్రాణి కనబడును. అది గుల్ల లేని నత్త. అంగుళమునకు మించని పొడవు, గాజువంటి శరీరము, రెక్కలవలె నాడు రెండు పొరలు. సముద్రపు ముసలి డేగలు పలకలపై వ్రాలి చేపల కొఱకు కాచుకొనియుండును. మంచు అడుగున పెరుగు పాచియే వసంతమున ఆ సముద్రపు చేపల కన్నమునకు మూలము. జాలరులు చలికాల మంతయు పడవలను ఒడ్డున నుంచి ఊరకుండవలసి వచ్చినను, మంచు రాని యేడు వారికి సంతోషము కలుగదట.

వినోదమునకై సముద్రముపై నడచుట ఈ కాలపు మాట. పూర్వము అది విధియై యుండెను. స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోమునుండి ఫిన్లాండునకు 1638వ సంవత్సరమున తపాలా మార్గ మేర్పడినది. నడుమ ఓలాండు సముద్రము అడ్డముగ నున్నది. దాని వెడల్పు సుమారు నలువది కిలోమీటర్లు. ఒడ్డునను దీవులలోను ఉన్న రైతులకు తపాలా మోయు బాధ్యత నప్పగించిరి. దానికి బదులుగ వారిని సైన్యములో చేరు నిర్బంధమునుండి విడిచిరి. వేసవిలో తెడ్లు వేయుట సులభమే. చలికాలపు మొదటను, చివరను మాత్రము సముద్రము పడవకు చాలనంత గట్టిగాను, కాళ్లకు చాలనంత మెత్తగాను ఉండెడిది. అపుడు ఆ రైతులు పడవనే చేత పట్టుకొని మంచుపై ఈడ్చుచు, మంచు విఱిగిన చోట అందులో దుమికి తెడ్లు వేయుచు, మరల మంచుపైకి లాగుచు, తపాలా సంచిని కాపాడుచు పోయెడివారు. పెక్కుమంది తిరిగి రాలేదు. సైన్యమునుండి తప్పించుకొన్నందులకు వారు చెల్లించిన మూల్యము తక్కువ గాదు. వారి జ్ఞాపకార్థము నేటికిని వేసవిలో ఆ మార్గమున పడవ పందెము జరుగుచున్నది.

యుద్ధములు గూడ ఈ బాట త్రొక్కినవి. 1658వ సంవత్సరపు చలికాలమున స్వీడను రాజు పదియవ కార్లు గుస్తావు తన సైన్యముతో డెన్మార్కు దీవుల నడుమనున్న సముద్రపు పాయలను మంచుపైననే దాటెను. ఎరిక్ దాల్‌బెర్గ్ అను సైనికోద్యోగి ముందుగా పోయి మంచు దళసరిని పరీక్షించి వచ్చి చెప్పిన పిమ్మటనే పెద్ద పాయను దాటుటకు రాజు సాహసించెను. అంతకు ముందు చిన్న పాయను దాటునపుడు మంచు విఱిగి కొందఱు రౌతులు గుఱ్ఱములతో గూడ మునిగిపోయిరి. ఓడలు కదలలేని కాలమని ధైర్యముగ నున్న డెన్మార్కువారు సంధికి లోబడి, పెద్ద భూభాగములను వదలుకొనవలసి వచ్చెను. 1809వ సంవత్సరము మార్చిలో రష్యా సేనాని బార్క్‌లే ద తొల్లీ బోత్నియా అఖాతపు ఇఱుకుచోటున మంచును దాటి స్వీడనులోని ఊమెయో పట్టణమును చేరెను. దాల్‌బెర్గ్ చేసిన పనియే నేటి మార్గదర్శి చేయుచున్నాడు. ఆతని వెనుక సేన లేదు గాని, ప్రాణముల పూచీ యదియే.

ఆ పూచీ యెట్టిదో చూతము. మార్గదర్శి చేతిలో ఇనుప మొనగల బరువైన కఱ్ఱ యుండును. రెండు మూడు అడుగుల కొకమాఱు దానితో మంచును పొడుచుచు పోవును. ఒక్క పోటుకు మొన నీటిని తాకినచో అచ్చట అడుగు పెట్టరాదు. చేయి తెలుపు నదియొకటి, చెవి తెలుపు నది మఱియొకటి. దళసరి మంచు బొంగురుగ మ్రోగును. పలుచబడినకొలది స్వరము హెచ్చును. ఐదు సెంటీమీటర్ల గట్టి మంచు ఒక మనిషిని మోయునని లెక్క. గుంపును తీసికొనిపోవువారు దానికి రెట్టింపైనను లేనిదే ఒడ్డు విడువరు. మంచు దళసరి రెట్టింపైనపుడు మోయగల బరువు రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. కావున కొలది సెంటీమీటర్లలోనే బ్రతుకునకు చావునకు నడుమనున్న భేద మంతయు దాగియున్నది. నదులు కలియుచోట్ల, వంతెనల క్రింద, రెండు దీవుల నడుమ ఇఱుకు పాయలలో ప్రవాహము మంచును అడుగునుండి కొఱికివేయుచుండును. పైన తెల్లని వెలిమంచు దుప్పటి కప్పుకొని అంతయు సమముగ కనబడును. ఆ దుప్పటియే యపాయము. అది కంటిని మోసగించుటయే గాక, చలిని లోనికి పోనీయక మంచును పలుచగ నుంచును.

నడచువారు ఒకరికొకరు ఎడముగ నుండవలెను. బరువంతయు ఒకచోట చేరరాదు. ప్రతివాని మెడలోను రెండు చిన్న పిడులు, వానికి కొనదేలిన మేకులు వ్రేలాడుచుండును. వీపున నుండు సంచిలో పొడిబట్టలు నీరు చొరకుండ మూటగట్టి యుంచుకొందురు. నీటిలో పడినపుడు ఆ సంచియే మనిషిని పైకి తేల్చును. త్రాడు చేతి కందునట్లుండును. మంచు విఱిగి పడినవాడు ముందుకు గాక, తాను వచ్చిన వైపునకే తిరుగవలెను. అంతవఱకు తన్ను మోసిన మంచు అదియే గదా. మేకులను మంచులో గ్రుచ్చి, కాళ్లతో నీటిని తన్నుచు, పొట్టపై జాఱి పైకి వచ్చి, లేచి నిలువక దొర్లుచు దూరముగ పోవలెను. ఈ విద్యను ఆ దేశములలో బడిపిల్లలకు గూడ నేర్పుదురు.

చల్లని నీరు మనిషిని ఎట్లు చంపునో వైద్యులు పరిశోధించియున్నారు. గడ్డకట్టుటచే మనిషి వెంటనే చచ్చునని పలువు రనుకొందురు, అది సరిగాదు. మొదటి నిమిషమున ఊపిరి అదుపు తప్పి, ఎగశ్వాసలో నీరు మ్రింగుటచేత ప్రాణము పోవుట యెక్కువ. ఆ నిమిషము ఓర్చి తల నీటిపై నుంచుకొన్నవానికి సుమారు పది నిమిషములు చేతులు కాళ్లు స్వాధీనములో నుండును. స్పృహ తప్పుటకు దాదాపు గంట పట్టును. కావున మార్గదర్శి చెప్పు మొదటి మాట యెపుడును ఒక్కటే: పడినయెడల ముందుగా ఊపిరిని చక్కబఱచుకొనుము, తక్కినది తరువాత.

మన దేశమున సముద్రము గడ్డకట్టదు. దీనికి మిక్కిలి దగ్గఱి నడక లడఖ్‌లోని జంస్కార్ నదిపై కలదు. జనవరి, ఫిబ్రవరి నెలలలో ఆ నది పైభాగము గడ్డకట్టును. దానిని అచ్చటివారు చాదర్ అందురు, అనగా దుప్పటి. చుట్టు కనుమలు మంచుతో మూసికొనిపోయిన కాలమున జంస్కార్ లోయవారికి లేహ్ పట్టణము చేరుటకు ఆ దుప్పటియే బాట. వారు వెన్న మోసికొనిపోయి అమ్ముకొని వచ్చెడివారు; పిల్లలను ఆ దారినే బడులకు తీసికొనిపోయెడివారు. పిదప దేశము నలుమూలలనుండి నడకప్రియులు వచ్చుట ప్రారంభమైనది. వారిలో తెలుగువారు గూడ కలరు. సముద్రమట్టమునకు మూడున్నర వేల మీటర్ల యెత్తుననున్న లేహ్‌లో కొన్నిదినము లాగి, వైద్య పరీక్ష చేయించుకొన్న పిదపనే నడక మొదలు పెట్టవలెను. లోయవారే మార్గదర్శకులు, వారే కూలీలు. రాత్రులు నది యొడ్డు గుహలలో నిప్పు రాజబెట్టుకొని గడపుదురు. నది క్రింద వడిగా పాఱుచుండును గాన సముద్రముకంటెను దీనిని నమ్మరాదు. నిన్న నడచిన చోట నేడు నీరు కనబడును. 2014 డిసెంబరు 31వ తేదీన ఆ నదికి చేరు ఒక ఉపనదిపై కొండచరియ విఱిగిపడి నీటిని నిలిపివేయగా, వెనువెంట వచ్చిన చలికాలపు నడకను అధికారులు ఆపివేసిరి. 2015 మే నెలలో ఆ యడ్డు తెగి వరద వచ్చినది. నిమ్ము, పదుము ఊళ్లను కలుపు మోటారు బాట 2024 మార్చి నాటికి అతుకబడినది. వెన్నకుండలకు ఇక నది దుప్పటితో పనిలేదు.

పటాన్‌చెరువు చలిగదికిని గడ్డకట్టు కడలికిని పోలికయే గాక, నిజమైన సంబంధము గూడ నున్నది. విత్తనములను ఒక్కచోట నుంచుట క్షేమము గాదని, వాని నకళ్లను నార్వే దేశమునకు చెందిన స్వాల్‌బార్డు దీవులలో, 2008వ సంవత్సరమున తెఱవబడిన విత్తన నిధిలో దాచుచున్నారు. పటాన్‌చెరువునుండి పోయిన నకళ్లు లక్షకు మించినవి. తెలంగాణపు మెట్టపొలములలో పెరిగిన జొన్న, కంది గింజలు ఉత్తర ధ్రువమునకు చేరువ, డెబ్బదియెనిమిదవ అక్షాంశమున, కొండలో త్రవ్విన గదిలో, సున్నకు దిగువ పదునెనిమిది డిగ్రీల చలిలో నిద్రించుచున్నవి. ఇవి యొకనాడు అక్కఱకు వచ్చునా యని సందేహించువారికి సిరియా దేశపు కథ చాలును. అచ్చటి అలెప్పో పట్టణమునకు చేరువనున్న విత్తన కేంద్రము అంతర్యుద్ధమువలన పనిచేయలేనిదైనపుడు, ఆ కేంద్రమువారు 2015లో తాము దాచుకొన్న విత్తనములను స్వాల్‌బార్డునుండి తిరిగి తీసికొని, వేఱు దేశములలో నాటి పెంచిరి.

ఆ నిధి ద్వారమునుండి చూచినచో క్రింద సముద్రపు పాయ కనబడును. పూర్వము చలికాలమున అట్టి పాయలు విరివిగ గడ్డకట్టెడివి. స్వాల్‌బార్డులో మంచుపై నడిపించు మార్గదర్శి భుజమున తుపాకి గూడ నుండును, ధ్రువపు తెల్ల ఎలుగుబంటి భయముచేత. అయితే ఇపుడు ఎలుగుబంటికంటె మంచు లేమియే పెద్ద చింత. ఆ నిధిని కట్టినవారు చుట్టునున్న నేల యెన్నడును కరగదని నమ్మిరి; 2016 చివరను వానలు కురిసి, నేల మంచు కరగి, ప్రవేశ సొరంగములోనికి నీరు వచ్చినది. విత్తనములకు హాని కలుగలేదు. సొరంగమును మాత్రము తిరిగి పటిష్ఠము చేయవలసి వచ్చినది.

ఉత్తర ధ్రువ సముద్రపు మంచును 1979 మొదలు ఉపగ్రహములు ఎడతెగక కొలుచుచున్నవి. వేసవి చివర, సెప్టెంబరులో మిగులు మంచు నాటినుండి పది సంవత్సరముల కొకమాఱు నూటికి పండ్రెండు వంతులచొప్పున తగ్గుచు వచ్చినది. 2012 సెప్టెంబరున అది ముప్పదినాలుగు లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయినది. బాల్టిక్ సముద్రమున 1987 చలికాలమున దాదాపు సముద్రమంతయు గడ్డకట్టగా, 2020 చలికాలమున ముప్పదియేడు వేల చదరపు కిలోమీటర్లకు మించి మంచు పట్టలేదు; అంత తక్కువ మంచు మూడువందల సంవత్సరముల లెక్కలలో కానరాదు. తరతరములుగ మంచు రంగును, స్వరమును చదివి దారి చెప్పిన ఇన్యూట్ పెద్దల మాట గూడ ఇపుడు కొన్నియెడల తప్పుచున్నది. వారి భాషలో సముద్రపు మంచునకు సికు అనియు, క్రొత్తగా పట్టిన మంచునకు సికులియాక్ అనియు, ఇట్లు దశనుబట్టి వేఱువేఱు పేళ్లున్నవి. పేరు తెలిసినవానికి అడుగు పెట్టదగునో లేదో తెలిసినట్లే. మంచు పట్టు కాలమే మాఱిపోయినపుడు పేళ్లు మాత్ర మేమి చేయును? కెనడా దేశపు తీరమున కొన్ని గ్రామములవారు తమ పెద్దల జ్ఞానమునకు తోడుగ, మంచులో నాటిన పరికరములతో దళసరి కొలిచి, ప్రయాణికులకు తెలుపుచున్నారు.

వసంతము వచ్చునపుడు మార్గదర్శికి నిజమైన పరీక్ష. ఏప్రిలు మాసమున బోత్నియా తీరమున పగలు పొడుగగును. ఎండ వెచ్చగ కాయును. నడకకు రమ్మని యడుగువా రపుడే యెక్కువ. మంచును తొలిచి కొలిచినచో ఇంకను నలువది సెంటీమీటర్లున్నట్లు తేలును. మాఘమాసపు మంచైనచో అది మోటారుబండినే మోసియుండును. కాని ఎండ ఆ మంచులోనికి దిగి, దానిని నిలువు పుల్లలుగ చీల్చివేసియుండును. చూచుటకు గట్టిగనే యుండును. ఒక్క అడుగు పడినచో పుల్లల కట్ట విడిపోయినట్లు విడిపోవును. మార్గదర్శి కఱ్ఱతో ఒక్కమాఱు పొడిచి చూచును. మొన సులభముగ దిగినదా, కఱ్ఱను తుడిచి గోడకు ఆనించి, వచ్చినవారిని మరల రాబోవు జనవరికి రమ్మని చెప్పి పంపివేయును.